మావయ్య పంచిన బల్బులు

మా మావయ్య ఇరవై ఆరేళ్ళపాటు అవే నాలుగు వీధుల్లో కరెంటు మీటర్లు చూశాడు. రైల్వే స్టేషను వెనక మొదలై పాత నూలుమిల్లు గోడదాకా పోయే వీధులవి. మొత్తం మూడువందల పన్నెండు ఇళ్ళు. అమ్మకి ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు కావడంతో నేను హైస్కూలు నుంచి డిగ్రీ అయ్యేదాకా మావయ్యగారింట్లోనే ఉన్నాను. అందుకే జరిగిందంతా నాకు దగ్గర్నుంచి తెలుసు.

చూసేవాళ్ళకి ఆయన పని తేలికగానే కనిపించేది. గేటు ముందు నిలబడి "మీటరండీ!" అని ఒక్క కేక. లోపలికెళ్ళి మెట్ల కిందో, తలుపు వెనకో ఉన్న మీటరు మీద టార్చి వేయడం, అంకెలు చూసి భుజానికి వేలాడే మిషన్లో కొట్టడం. కాగితం కరకరమంటూ బయటికొచ్చేది. చింపి చేతిలో పెట్టి పక్కింటికి నడిచేవాడు. కానీ ఆ అంకెల్ని మావయ్య చదివినట్టు ఇంకొకరు చదవగా నేను చూడలేదు. ఎవరింట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చిందో, ఎవరి పిల్లకి పరీక్షలో, ఎవరికి పని పోయి ఫ్యాను కూడా ఆపుకుని కూర్చున్నారో ఆయనకి వాటిల్లోనే తెలిసిపోయేది. తెలిసినా బయటివాళ్ళ దగ్గర నోరు జారేవాడు కాదు.

"మా ఆయనకి మొహాలు గుర్తుండవు, యూనిట్లు గుర్తుంటాయి" అని అత్తయ్య నవ్వేది. బజార్లో ఎవరైనా పలకరిస్తే ఆయన కాసేపు తడబడి, వాళ్ళు కాస్త దూరం వెళ్ళాక, "నూటపది యూనిట్లాయన! మొన్న నూటనలభై అయింది, అల్లుడొచ్చాడేమో" అనేవాడు.

ఒకసారి, గడియారాలు బాగుచేసే ముసలాయన ఇంటి బయట మెట్ల కిందున్న మీటరు గిరగిరా తిరిగిపోతుండటం చూశాడట. ఒంటరి మనిషి ఇంట్లో ఈ వేళప్పుడు ఇంత కరెంటు ఎందుకు కాలుతోందని తలుపు కొట్టాడు, పలకలేదు. భుజంతో తోసి లోపలికెళితే, నీళ్ళ హీటరు వేసుకుని బాత్రూములో జారిపడి, తుంటి విరిగి, పొద్దుటి నుంచీ లేవలేక పడి ఉన్నాడాయన. ఆ తరవాత నాలుగు వీధుల వాళ్ళూ తాళాలు ఎక్కడ పెడతారో మావయ్యకి చెప్పి మరీ పనులకి వెళ్ళేవాళ్ళు. ఆఫీసులో ఆయనకి పేరేమీ రాలేదు. వీధుల్లో మాత్రం ఆయన మాట చెల్లేది. కరెంటాఫీసు నుంచి నోటీసు వచ్చినా, "మీటరాయన్ని అడుగుదాం, ఆయన చెబితే సరే" అనుకునేవాళ్ళు.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఆఫీసులో మీటర్లు చూసేవాళ్ళందరినీ పై అంతస్తు హాల్లో కూర్చోబెట్టారు. కొత్త రకం బల్బులొచ్చాయి, కరెంటు బాగా ఆదా అవుతుంది, ఇంటికి రెండు చొప్పున ఇచ్చి సంతకాలు తీసుకురండి అని సెక్షను అధికారి చెప్పాడు. ఎవరి వాటా సంతకాలు తక్కువైతే వాళ్ళ సంగతి చూడాల్సి వస్తుందని కూడా అన్నాడు.

మావయ్య లేచి, "డబ్బులేమన్నా తీసుకోవాలా సార్?" అని అడిగాడు.

"ఇప్పుడేమీ తీసుకోవద్దు" అన్నాడు అధికారి.

ఆ 'ఇప్పుడు' అనే మాట మావయ్య చెవిన పడింది. పడినా దాని మీద ఆగలేదు. ఈ సంగతి తరవాత ఆయనే నాకు చెప్పాడు. అది చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

మర్నాటి నుంచి సైకిలు వెనక రెండు అట్టపెట్టెలు తాడుతో కట్టుకుని బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి, "ఆఫీసు వాళ్ళు ఊరికే ఇస్తున్నారండీ, కరెంటు కలిసొస్తుంది" అని చెప్పి ఇచ్చాడు. జనం సంతోషంగా తీసుకున్నారు. ఇస్త్రీ చేసే ఆయన, "ఊరికే వస్తే రెండేం ఖర్మ, నాలుగివ్వండి" అని హాస్యమాడాడు. తీసుకున్నవాళ్ళు ఒక పెద్ద కాగితంలో తమ ఇంటి నంబరుకి ఎదురుగా సంతకం పెట్టేవాళ్ళు. కాగితం పైన అర పేజీ చిన్న అక్షరాల్లో ఏదో అచ్చు వేసి ఉంది. ఎవరూ చదవలేదు. మావయ్యా చదవలేదు.

చదవమన్నది ఒక్కరే. మిల్లు గోడ పక్కన ఆఖరింట్లో వైరుతో కుర్చీలల్లే పెద్దావిడ. ముప్పయ్యేళ్ళ వయసులో జ్వరం వచ్చి చూపు పోయింది. అప్పటి నుంచీ చేతివేళ్ళతోనే కుర్చీలకి వైరు అల్లి బతికింది. వరండాలో కాళ్ళమధ్య కుర్చీ ఇరికించుకుని, వైరు బిగించి లాగుతూ, వీధిలో ఎవరు వెళుతున్నారో అడుగుల చప్పుడుతో చెప్పేది. మావయ్య ఆవిణ్ణి అక్కయ్యా అనేవాడు. ఆవిడ తమ్ముడూ అనేది. నెలకోసారి ఆ ఇంటి దగ్గర మాత్రం ఆయన పావుగంట కూర్చునేవాడు.

"నాకు రెండు బల్బులెందుకు తమ్ముడూ? ఉన్న ఒక్కటీ వచ్చేపోయేవాళ్ళ కోసం వేస్తాను" అందావిడ.

"ఉండనీ అక్కయ్యా, ఊరికే వస్తున్నాయి."

"సరే, ఆ కాగితంలో ఏముందో చదువు."

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట. పెట్టెలో ఇంకా నలభై బల్బులున్నాయి. మావయ్య కాగితం వైపు చూసి, "ఏముందీ, అందినట్టు రాసుకున్నారు, అంతే" అన్నాడు. ఆవిడ వేలు పట్టుకుని గీత మీద ఆనించాడు. చూపున్న రోజుల్లో నేర్చుకున్న సంతకాన్ని ఆవిడ జాగ్రత్తగా, గీత దాటకుండా పెట్టింది.

అధికారి మావయ్యని అందరి ముందూ మెచ్చుకున్నాడు. మూడువందల పన్నెండు ఇళ్ళకీ మూడువందల పన్నెండు సంతకాలు.

రెండు నెలల తరవాత ఎప్పటిలాగే రీడింగుకి వెళ్ళాడు. మొదటి ఇల్లు బట్టలు కుట్టే దర్జీది. అంకెలు కొట్టాడు. మిషన్లోంచి వచ్చిన కాగితం ఎప్పటికంటే వేలెడు పొడుగ్గా ఉంది. ఎందుకా అని చూస్తే కింద కొత్త వరస. పొదుపు దీపాల వాయిదా, ఇరవైలో ఒకటవది.

మిషను తప్పేమోననుకుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

దర్జీ కాగితం తీసుకుని చదివి, తలెత్తి, "ఊరికే అన్నారుగా?" అన్నాడు.

"ఆఫీసులో పొరపాటు పడి ఉంటుంది, అడిగొస్తాను" అన్నాడు మావయ్య.

ఆ రోజు మిగతా ఇళ్ళకి వెళ్ళలేదు. నేరుగా ఆఫీసుకి పోయాడు. అధికారి బీరువా తెరిపించి సంతకాల కాగితాలు తీయించి, బల్ల మీద పరిచి, పైనున్న చిన్న అక్షరాల మీద పెన్ను ఆనించాడు. "నా కోరికమీదట రెండు దీపాలు తీసుకున్నాను. వాటి ఖరీదును నా బిల్లులో వాయిదాలుగా వసూలు చేసుకోవడానికి అంగీకరిస్తున్నాను." కింద వరసగా సంతకాలు.

"వాళ్ళెవరూ కోరలేదు కద సార్" అన్నాడు మావయ్య.

"సంతకం ఎవరు పెట్టించారు?" అన్నాడు అధికారి. "మరి ఎవర్నడుగుతున్నారు?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అత్తయ్య కంచం పెట్టి పిలిచినా లేవలేదు. ఏమైందో నెమ్మదిగా రాబట్టాక, "ఆ కాగితం మీరు రాశారా ఏమిటి? ఉద్యోగం చేశారు. పైవాళ్ళు చేసిన దానికి మీరెందుకు కుంగిపోతారు?" అంది.

"చదవమందే ఆవిడ. చదవలేదు నేను" అన్నాడు. ఏ ఆవిడో ఆ రోజు మాకు అర్థం కాలేదు.

బిల్లులివ్వడం ఆయన ఉద్యోగం. మర్నాడు తప్పనిసరై మళ్ళీ బయల్దేరాడు. వెనకటిలా కేక వేయకుండా తలుపులు తట్టాడట. దర్జీ అప్పటికే వీధంతా చెప్పేశాడు. కొందరు గొడవపెట్టుకున్నారు. కొందరు మాట్లాడకుండా బిల్లు లాక్కుని తలుపు వేసుకున్నారు. ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే, "మీకెంత ముట్టిందండీ ఇంటికి?" అన్నాడు. బల్బుల గురించి ఆయన అడిగింది అదొక్కటే. ఇరవై ఆరేళ్ళలో ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టని మనిషి మావయ్య. ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు. సైకిలు తీసుకుని వెళ్ళిపోవాలన్న సంగతి కూడా కాసేపు తోచలేదట.

కుర్చీలల్లే ఆవిడింటికి ఆఖర్న వెళ్ళాడు. పక్కింటావిడ తన బిల్లు చదివి అప్పటికే ఆవిడకి సంగతి చెప్పేసింది. రెండు బల్బులూ పెట్టెల్లోనే, సీలు విప్పకుండా, మంచం కింద ఉన్నాయి.

"అక్కయ్యా, ఈ డబ్బు నేను కట్టేస్తాను" అన్నాడు మావయ్య.

ఆవిడ వైరు లాగడం ఆపలేదు. "డబ్బు సంగతి కాదు తమ్ముడూ. నేను చదవమన్నాను. నువ్వు చదివినట్టే చెప్పావు. నాకు ఎవరో ఒకరు చదివి పెట్టాలి. నువ్వు చదివితే ఇంకొకళ్ళని అడక్కర్లేదనుకునేదాన్ని." ఇంకో వరస బిగించి, "ఇక మీద అడుగుతాలే" అంది.

కోపంగా అన్న మాట కాదది. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికపడేదేమో.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మావయ్య నన్ను పిలిచి, "అమ్మాయ్, నీ చేతిరాత బాగుంటుంది, ఒకటి రాసిపెట్టు" అన్నాడు. వినియోగదారుల ఫిర్యాదులు వినే మండలికి అర్జీ అది. చెబుతూ పోయాడు, రాస్తూ పోయాను. "ఈ బల్బులు ఉచితమని ఇంటింటికీ చెప్పినవాణ్ణి నేను. కాగితంలో ఏముందో చదవకుండా, చదివి వినిపించకుండా సంతకాలు పెట్టించినవాణ్ణి నేను."

నేను పెన్ను ఆపేశాను. "మావయ్యా, ముందు ఆఫీసు వాళ్ళ తప్పు రాద్దాం. నీది తరవాత చూద్దాం. ఇలా రాస్తే అంతా నీ నెత్తిన వేస్తారు."

"నాదే ముందు రాయి. అది రాయకపోతే మిగతాది ఎవరు నమ్ముతారు?"

అత్తయ్య గుమ్మంలో నిలబడి వింటోంది. "ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఉద్యోగం ఊడితే ఏం చేద్దామనుకుంటున్నారు?" అంది. మావయ్య నా వైపు తిరిగి, "రాయమ్మా" అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి, కాగితం సరిగా ఆనడానికని నాకో గట్టి అట్ట తెచ్చిచ్చింది. అత్తయ్య ఒప్పుకోవడం అలాగే ఉండేది.

ఆ అర్జీ పట్టుకుని మావయ్య మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. సెలవు రోజుల్లోనూ, పని అయ్యాక సాయంత్రాలూ. ప్రతి గుమ్మంలో నిలబడి మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా పైకి చదివేవాడు. "తెలుసులేండి, ఇలా తెండి పెడతాను" అన్నవాళ్ళకి కూడా, "కాదండీ, వినండి" అని చదివాకే పెన్ను ఇచ్చేవాడు. రెండో వారానికి గొంతు బొంగురుపోయింది. నేను కూడా వెళ్ళి చదువుతానంటే ఒప్పుకోలేదు.

కొన్ని తలుపులు తెరుచుకోలేదు. దర్జీ, "మీ కాగితాల మీద మళ్ళీ సంతకమా? నాకేమన్నా పిచ్చా?" అని కుట్టుమిషను తొక్కుకుంటూ తలెత్తలేదు. ఇస్త్రీ ఆయన అంతా విని, చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టాడు. మొన్నన్న మాట ఆయనా ఎత్తలేదు, మావయ్యా ఎత్తలేదు. నూటఎనభై ఏడు ఇళ్ళవాళ్ళు పెట్టారు. కుర్చీలల్లే ఆవిడ పక్కింటావిణ్ణి పిలిచి ఆవిడ చేత ఇంకోసారి చదివించుకుని, అప్పుడు పెట్టింది. రెండోసారి చదువుతున్నంతసేపూ మావయ్య మెట్టు మీద తలొంచుకుని కూర్చున్నాడు.

విచారణ ఒక పాత భవనంలో రెండో అంతస్తు గదిలో జరిగింది. నేనూ వెళ్ళాను. బెంచీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మండలికి పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ప్రతి కాగితమూ తనే చదివేది. కరెంటాఫీసు తరఫున వచ్చిన లాయరు, జనం ఆ బల్బులు వాడుకుంటున్నారనీ, సంతకాలున్నాయనీ, ఇంక మాట్లాడ్డానికేమీ లేదనీ చెప్పి కూర్చున్నాడు.

ఆవిడ మావయ్యని పిలిచింది. "ఉచితమని చెప్పమని మీకెవరు చెప్పారు?"

గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. అధికారే చెప్పాడంటే సరిపోయేది. వీధులవాళ్ళందరూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. నేనూ మనసులో అదే అనుకున్నాను, చెప్పెయ్ మావయ్యా అని.

"ఎవరూ చెప్పలేదండీ. 'ఇప్పుడేమీ తీసుకోవద్దు' అన్నారు. ఉచితం అన్న మాట నాదే" అన్నాడు.

లాయరు వెంటనే లేచాడు. "చూశారా, ఇది సిబ్బందిలో ఒకరి తప్పు, సంస్థది కాదు" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "ముంచేశాడ్రా" అన్నారు.

ఆవిడ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నారు. నేనడిగేది మిమ్మల్ని. 'నా కోరికమీదట' అని రాయించుకున్నారు. మూడువందల పన్నెండు ఇళ్ళల్లో బల్బులు కావాలని అడిగిన ఒక్క ఇంటి అర్జీ చూపించండి. ఒక్కటి చాలు."

లాయరు అధికారి వైపు చూశాడు. అధికారి ఫైలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. తరవాత ఆవిడే మా అర్జీనీ సంతకాల కాగితాన్నీ పోల్చి చూసి, "చూపు లేని మనిషి కూడా దీపాలు కోరిందని రాశారు ఇందులో" అని నెమ్మదిగా చెప్పి, ఆ కాగితాన్ని పక్కన పెట్టింది.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. అడగనివాళ్ళ మీద ఆ ఖరీదు వేయకూడదు. కట్టించుకున్నది తరవాతి బిల్లుల్లో తగ్గించాలి. బల్బులు ఉంచుకుంటారో తిరిగిస్తారో ఇంటివాళ్ళ ఇష్టం. అర్జీ మీద సంతకం పెట్టనివాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. దర్జీకి కూడా.

అదే వారంలో మావయ్యకి ఆఫీసు నుంచి కవరొచ్చింది. వినియోగదారులకి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తనే రాతపూర్వకంగా ఒప్పుకున్నందుకు మూడు నెలలు సస్పెన్షను, ఆ తరవాత ఊరికి అటు చివరున్న సెక్షనుకి బదిలీ. కాగితం తయారు చేయించిన వాళ్ళకి ఏమైందో మాకు తెలియదు. అధికారి మాత్రం అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు.

అర్జీ ఇంకోలా రాద్దామన్నానని నేను గుర్తుచేశాను. కోపంతోనే అన్నాను. మావయ్య కవరు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇందులో అబద్ధమేం రాయలేదమ్మా వాళ్ళు" అన్నాడు.

ఆ మూడు నెలలూ మాకు కష్టంగానే గడిచాయి. అత్తయ్య ఒక హాస్టలు వంటింట్లో పనికి కుదిరింది. ఆయనకి పగలంతా ఇంట్లో ఏం చేయాలో తోచేది కాదు. మా ఇంటి మీటరు ముందుకే రోజుకి నాలుగుసార్లు వెళ్ళి నిలబడేవాడు. నాలుగు వీధుల వాళ్ళలో కొందరు వచ్చి పలకరించి వెళ్ళారు. గడియారాలాయన చేతికర్ర ఊనుకుంటూ అంత దూరం నడిచొచ్చి, గంటసేపు కూర్చుని, మా గోడగడియారం రెండు నిమిషాలు వెనకుందని సరిచేసి వెళ్ళాడు.

ఒక పొద్దున పక్కింటావిడ చెయ్యి పట్టుకుని కుర్చీలల్లే పెద్దావిడ వచ్చింది. మా గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. మావయ్య గాభరాగా లేచి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చునే ముందు కుర్చీ మీద చెయ్యి తిప్పి చూసి, "వైరు వదులైంది తమ్ముడూ, పంపించు, బిగిస్తాను" అంది. బల్బుల మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు సంచీలోంచి మడతపెట్టిన ఉత్తరం ఒకటి తీసి, "మా చెల్లెలు రాసింది. అందరి ముందూ చదివించుకునేది కాదు" అని ఆయన చేతికిచ్చింది. మావయ్య కళ్ళజోడు తెచ్చుకుని వరండా చివర ఆవిడ పక్కన కూర్చున్నాడు. మేం లోపలికెళ్ళిపోయాం. చాలాసేపు సన్నగా ఆయన గొంతు వినబడుతూనే ఉంది.

దర్జీ మాత్రం చివరిదాకా మాట్లాడలేదు. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. దాని గురించి అత్తయ్య చిరాకు పడితే, "ఆయన నన్ను నమ్మాడు కాబట్టే కదా ఇదంతా" అనేవాడు మావయ్య.

కొత్త సెక్షన్లో చేరిన మొదటి వారం ఆయన మందులు ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. అన్నీ కొత్త మేడలు, ఎత్తు గేట్లు. ఒక గేటు ముందు ఎండలో నిలబడి ఉన్నాడు. లోపల ఒకావిడ ఆయన గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని, ఈ మనిషి మీవాడేనా అని ఆఫీసుకి ఫోను చేస్తోంది. లైను దొరకడం లేదు. యాభై నాలుగేళ్ళ మనిషిని దొంగని చూసినట్టు చూస్తోందని నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంతసేపు నిలబెట్టడమేమిటి మావయ్యా? వేరే ఇంటికెళ్ళి తరవాత రావచ్చుగా?" అన్నాను.

"అడగనీ" అన్నాడు మావయ్య. మందులు తీసుకుని జేబులో వేసుకున్నాడు. లైను దొరికాక ఆవిడ కార్డు తిరిగిచ్చి గేటు తీసింది. ఆయన చెప్పులు బయట విడిచి, టార్చి వెలిగించుకుని లోపలికి వెళ్ళాడు.